హాస్టలా, పీజీనా, ఇంటి నుంచా? మహమ్మారి వేళ సెమిస్టర్ మొదలుపెట్టేవారికి ఎంపిక సలహా

కాలేజీ తెరుస్తున్నామని సర్క్యులర్ రాగానే ఇళ్లలో అందరూ అడిగేది ఒక్కటే: క్లాసులో పక్క బెంచీ వాళ్ల నుంచి అంటుకోదు కదా? ముందు అడగాల్సినవి వేరే రెండున్నాయి. రాత్రి ఎంతమందితో ఒకే గదిలో పడుకుంటారు? అన్నం ఎంతమంది మధ్య కూర్చుని తింటారు? క్లాసులో అందరికీ మాస్కు ఉంటుంది, అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చుంటారు, ఎక్కువసేపు మాట్లాడేది ఒక్కరే. మెస్సులో మాస్కు తీయక తప్పదు. ఎదురెదురుగా కూర్చుని, గిన్నెల చప్పుడులో గొంతు పెంచి మాట్లాడుకుంటారు. ఇక గదిలో తలుపులు వేసుకుంటే ఏడెనిమిది గంటలు ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చాల్సిందే.

కోవిడ్ కాలంలో యూనివర్సిటీల్లో జరిగినవి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. అమెరికాలో చాపెల్ హిల్‌లోని నార్త్ కరొలైనా యూనివర్సిటీ వచ్చినవాళ్లందరికీ టెస్టులు చేయకుండానే 2020 ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టింది. విద్యార్థులుండే భవనాల్లో గుంపులుగా కేసులు బయటపడ్డాయి. ఆగస్టు 17కల్లా అండర్‌గ్రాడ్యుయేట్ తరగతులన్నీ ఆన్‌లైన్‌కి మారుస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. మన దగ్గర 2020 డిసెంబరులో ఐఐటీ మద్రాసు హాస్టళ్లలో వందమందికి పైగా విద్యార్థులకు సోకినప్పుడు అందరి వేలూ మెస్సు వైపే చూపించాయి. ఆ తర్వాత భోజనం పార్సిళ్లుగా గదులకే పంపారు. 2021 నవంబరులో ధార్వాడ్‌లోని ఒక మెడికల్ కాలేజీలో రెండు డోసులూ వేసుకున్నవాళ్లలోనే రెండువందల మందికి పైగా పాజిటివ్ వచ్చింది. దానికి ముందు క్యాంపస్‌లో ఒక వేడుక జరిగింది. మరోవైపు బోస్టన్ యూనివర్సిటీలో 2021 చివరి సెమిస్టర్‌లో టీకా, మాస్కు రెండూ తప్పనిసరి చేశారు. వైరస్ జన్యుక్రమాలు పోల్చి చూస్తే క్లాసులో ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న దాఖలాలు దాదాపు లేవు.

అందుకే ముందు బస, తర్వాత భోజనం, ఆ తర్వాత గాలి, మాస్కు, టెస్టు అన్న వరసలో నిర్ణయం తీసుకోండి. చాలామంది మాస్కుతో మొదలుపెట్టి బస దగ్గర రాజీపడిపోతారు. గాలి ద్వారా వ్యాపించే ఏ జబ్బుకైనా ఈ వరస పనికొస్తుంది. కింద ఇచ్చిన రోజుల లెక్కలు మాత్రం కోవిడ్‌వి.

బస: దేనికి ఎంత రిస్కు

ఇంటి నుంచి వెళ్లిరావడం మీకు మంచిదే. ప్రమాదం ఇంట్లోవాళ్లకు. నానమ్మో తాతయ్యో ఉన్న ఇంట్లో, డయాలసిస్ మీదో కీమోథెరపీ మీదో ఎవరైనా ఉన్న ఇంట్లో, రోజూ కాలేజీకి వెళ్లొచ్చే పిల్లలు జబ్బును తెచ్చే దారి అవుతారు. అలాంటి ఇల్లయితే డే స్కాలర్‌గా ఉండటం కన్నా హాస్టల్లో ఉండి పండక్కి టెస్టు చేయించుకుని రావడమే నయం. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా, టీకాలు వేసుకుని ఉండి, ప్రయాణం గంటలోపే అయితే ఇంటిని మించింది లేదు. వెళ్లే పద్ధతిలోనూ తేడా ఉంది. కిటికీలు తెరిచిన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు, అద్దాలు బిగించిన ఏసీ బస్సు కన్నా మేలు. పక్కలు తెరిచి ఉండే షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నా గాలి ఆడుతుంది, ప్రయాణమూ పది పదిహేను నిమిషాలే. కారులో వెళితే డ్రైవర్ కుడివైపు ముందు ఉంటారు కాబట్టి మీరు వెనక సీట్లో ఎడమవైపు కూర్చోండి. కనీసం ఎదురెదురు మూలల్లోని రెండు అద్దాలు నాలుగు వేళ్ల మేర దించి, ఏసీని బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెట్టండి.

కాలేజీ హాస్టల్ విషయంలో చూడాల్సింది గదికి ఎంతమంది అన్నదే. 2020 నవంబరులో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో హాస్టల్ గదుల్లో షేరింగ్ వద్దని రాసింది. ఆచరణలో చాలాచోట్ల అది సాగదు. కాబట్టి ఈ లెక్క చేసుకోండి. ముగ్గురున్న గదిలో ఒకరికి పాజిటివ్ వస్తే ఒక ఐసోలేషన్ గది కావాలి, మిగతా ఇద్దరిని విడివిడిగా ఉంచడానికి రెండు గదులు కావాలి. ఎనిమిదిమంది ఉన్న డార్మిటరీలో ఒక్కరికి వస్తే ఒకటి, ఏడు, మొత్తం ఎనిమిది చోట్లు. అదే వారం ఇంకో మూడు డార్మిటరీల్లో ఒక్కొక్కరికి వచ్చిందంటే మొత్తం ముప్ఫైరెండు ఖాళీ గదులుండాలి. అన్ని గదులు ఏ హాస్టల్లోనూ ఉండవు. అప్పుడు ఏం చేస్తారంటే, కాంటాక్టులందరినీ ఒకే హాల్లో పడుకోబెడతారు. వాళ్లలో ఒకరికి అప్పటికే అంటి ఉంటే మిగతావాళ్లకూ అక్కడే అంటుతుంది. కాబట్టి ‘ఐసోలేషన్ వసతి ఉందా’ అని అడిగితే చాలదు, ఎలాగూ ఉందనే అంటారు. ‘అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గదులు ఎన్ని ఖాళీగా ఉంచారు, గదికి ఎంతమంది’ అని అంకెలు రాబట్టండి.

ఉమ్మడి బాత్రూములు రెండో చిక్కు. తప్పదంటే, జబ్బుపడిన వాళ్లు అందరికన్నా చివర వాడుకోవాలి. ఆ తర్వాత కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి అరగంట వదిలేయాలి. పళ్లు తోముకుంటూ కబుర్లు చెప్పుకునే అలవాటు ఈ సెమిస్టర్‌కి మానుకోవాలి. మాస్కు లేకుండా, ఇరుకు చోట, పదిమంది ఒకేసారి చేరేది అక్కడే.

ప్రైవేటు పీజీల (పేయింగ్ గెస్ట్ వసతుల) సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీ లాంటి చోట్ల పెద్ద గదిని ప్లైవుడ్ చెక్కలతో మూడు ముక్కలు చేసి అద్దెకిచ్చేవి ఉన్నాయి. వాటిలో రెండు ముక్కలకు కిటికీయే ఉండదు, చెక్క పైకప్పు దాకా ఉండదు. కాగితం మీద టూ షేరింగ్ అని ఉన్నా పీల్చే గాలి ఆరుగురిది. కిటికీ లేని గదిని అద్దె సగానికి తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. పీజీలో ఉండేవాళ్లు ఒకే కాలేజీ వాళ్లూ కారు. ఒకరు ఆఫీసుకి, ఒకరు కోచింగ్‌కి, ఒకరు ఆసుపత్రి డ్యూటీకి వెళ్లొస్తుంటారు. ఒకరికి జబ్బు చేస్తే బాధ్యత తీసుకునే వార్డెన్ ఉండరు.

ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఫ్లాటు తీసుకుని వండుకోవడం ఇంటి తర్వాత అన్నిటికన్నా మంచి పద్ధతి. సీనియర్లకు, ఎంటెక్, పీహెచ్‌డీ వాళ్లకు మరీ అనుకూలం. అయితే ముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి. ఇంటికి అతిథులు వస్తే ఎక్కడ కూర్చోబెడతాం? ఎవరైనా పెళ్లికి వెళ్లొస్తే ఎన్నిరోజులు విడిగా ఉంటారు? ఒకరికి పాజిటివ్ వస్తే ఏ గది ఖాళీ చేస్తాం? ఇవి తేల్చుకోకుండా చేరితే మొదటి జ్వరం రోజున గొడవలవుతాయి.

ఇంటి నుంచే ఆన్‌లైన్ కూడా ఒక ఎంపికే. వీడియో క్లాసుకి గంటకు సుమారు అర జీబీ నుంచి ఒక జీబీ వరకు డేటా ఖర్చవుతుంది. రోజుకి ఐదు క్లాసులంటే రెండున్నర జీబీకి పైనే, అంటే రోజుకి 1.5 లేదా 2 జీబీ ప్యాకు సాయంత్రానికి చాలదు. మీ వీడియో ఆపేసి, ఆ యాప్‌లో వీలుంటే ఎదుటివాళ్ల వీడియోను కూడా ఆపుకుని ధ్వని, స్లయిడ్లతో సరిపెట్టుకుంటే చాలా ఆదా. థియరీ సబ్జెక్టులకు ఇది సరిపోతుంది. ల్యాబులకు సరిపోదు. సెమిస్టర్‌లో ల్యాబులు మూడుంటే, వాటిని ఒక రెండు వారాల్లో వరసగా పెట్టమని డిపార్ట్‌మెంట్‌ని అడగండి. అలా కుదిరితే ఆ రెండు వారాలకే వెళ్లొచ్చు.

మెస్సు

భోజనానికి మూడు దారులున్నాయి: అందరూ ఒకేసారి హాల్లో, బ్యాచ్‌లవారీగా హాల్లో, లేదా పార్సిల్ తీసుకుని గదిలోనో ఆరుబయటో. వీటిలో పార్సిలే మేలు. బ్యాచ్ పద్ధతి వినడానికి బాగుంటుంది గానీ లెక్క చూడండి. నాలుగువందల మంది ఉన్న హాస్టల్‌కి వందమంది పట్టే హాలుంటే, దూరం పాటించి యాభైమందినే కూర్చోబెట్టాలి. అంటే ఎనిమిది బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌కి ఇరవై నిమిషాలు, మధ్యలో తలుపులు తెరిచి గాలి మారనివ్వడానికి పది నిమిషాలు వేసుకుంటే నాలుగు గంటలు. మధ్యాహ్నం భోజనం పన్నెండుకి మొదలైతే చివరి బ్యాచ్ లేచేసరికి నాలుగవుతుంది. రెండోరోజుకే ఎవరూ ఆగరు, బ్యాచ్‌లు కలిసిపోతాయి, బయట క్యూలో గుంపవుతుంది. పార్సిల్ అయితే క్యూ ఐదు నిమిషాల్లో కదులుతుంది, మాస్కు తీయాల్సిన పని ఉండదు. సొంత స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి, సాంబారు ప్లాస్టిక్ కవర్లో పోయించుకునే బాధ తప్పుతుంది. రోజూ గదిలోనే తినడం కష్టమనిపిస్తే మేడ మీదో చెట్టు కిందో తినండి. ఆరుబయట రెండు బారల దూరంలో కూర్చుని తినడానికి, మూసిన హాల్లో తినడానికి పోలికే లేదు.

గాలి: అందరూ వదిలేసేది, అసలు ఫలితం ఇచ్చేది

సీలింగ్ ఫ్యాను గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. కొత్త గాలి తేదు. స్ప్లిట్ ఏసీదీ అదే పని, లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుంది. కొత్త గాలి రావాలంటే లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఉండాలి.

ఒక అగరుబత్తితో మీ గది సంగతి తేల్చుకోవచ్చు. ఫ్యాను ఆపి, తలుపు, కిటికీ ఎప్పుడూ ఉంచినట్టే ఉంచి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ చువ్వల దగ్గర పట్టుకోండి. పొగ లోపలికో బయటికో ఒక పక్కకు గీత గీసినట్టు పోతే గాలి ఆడుతోంది. నిటారుగా లేచి అక్కడే చుట్టలు తిరుగుతుంటే ఆడటం లేదు. ఇప్పుడు తలుపు తెరిచి మళ్లీ చూడండి. చాలా హాస్టల్ గదుల్లో తలుపు రెండు బెత్తెలు తెరవగానే పొగ దిశ మారిపోతుంది. అయితే మీ గాలి వరండాలోకి పోతోందా, వరండా గాలి మీ గదిలోకి వస్తోందా అన్నది కూడా గమనించండి. ఐసోలేషన్ గది గాలి వరండాలోకి రాకూడదు. ఆ గది తలుపు మూసి, తలుపు కింద సందులో తడి తువ్వాలు పెట్టి, కిటికీలో బయటికి తోసేలా ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టడంలో తరచూ జరిగే తప్పు, తెరిచిన కిటికీ పక్కనే బిగించడం. ఆ కిటికీలోంచి వచ్చిన గాలి అటునుంచి అటే ఫ్యానులోంచి బయటికి పోతుంది, మంచాల దగ్గర గాలి కదలదు. ఫ్యాను ఒక గోడకుంటే, గాలి వచ్చే దారి ఎదుటి గోడకుండాలి. రెండో తప్పు, ఫ్యానుని వరండా వైపు బిగించడం.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా? దాని డబ్బా మీద సీఏడీఆర్ అనే అంకె ఉంటుంది, గంటకు ఎన్ని ఘనమీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది అదే. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గది సుమారు 41 ఘనమీటర్లు. గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే 245 దాకా సీఏడీఆర్ కావాలి. మామూలు ఇంటి ప్యూరిఫయర్ అందుకు సరిపోతుంది. ముప్ఫై అడుగులు, పాతికడుగులు, పదకొండడుగుల ఎత్తు క్లాసు రూము 234 ఘనమీటర్లు. సీఏడీఆర్ 300 ఉన్న ఒక్క ప్యూరిఫయర్‌ని మూలన పెడితే గంటకు ఒకసారి కన్నా కొంచెం ఎక్కువ, అంతే. మీ కాలేజీ క్లాసుకొక ప్యూరిఫయర్ పెట్టామని చెబితే ఈ భాగహారం చేసి చూడండి. ఇంట్లో కరెంటు పోయే వేళలుంటే కిటికీయే నమ్మకమైనది.

కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి డిపార్ట్‌మెంట్‌కి ఉంటే చాలా ఉపయోగం. బయట గాలిలో సుమారు 420 పీపీఎం ఉంటుంది, అంటే పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు. నిండిన క్లాసులో 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. 1,000 దాటితే ఇంకో కిటికీ తెరవాలి. 1,500 దాటితే క్లాసు ఆపి పది నిమిషాలు బయటికి వెళ్లడం మంచిది. కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సార్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా కొలిచేది) ఉన్నదే కొనాలి. చవక మీటర్లు కొన్ని వేరే ఆవిర్లను కొలిచి, కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉండొచ్చని అంచనా అంకె చూపిస్తాయి. తేల్చుకోవడం సులువు: చేతికి శానిటైజర్ రాసుకుని మీటరు దగ్గర పెట్టండి. అంకె అమాంతం ఎగిరిందంటే అది పనికిరాదు. ప్యూరిఫయర్ వైరస్‌ని పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టదు. అందుకే ప్యూరిఫయర్ నడుస్తున్న గదిలో మీటరు ఎక్కువ చూపినా నిజమైన ప్రమాదం అంతకన్నా తక్కువే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర కిటికీ తెరిస్తే దోమలొస్తాయి, దోమలతో డెంగ్యూ. కిటికీకి మెష్ కొడితే గాలి బాగా తగ్గిపోతుంది, దుమ్ము పట్టిన మెష్ అయితే చెప్పనే అక్కర్లేదు. మంచానికి దోమతెర కట్టుకుని కిటికీలు బార్లా తెరవడమే మంచిది. మెష్ ఉంటే వారానికోసారి తడిగుడ్డతో తుడవండి.

మాస్కు

గుడ్డ మాస్కు ఏమీ లేకపోవడం కన్నా నయం, అంతవరకే. మూడు పొరల సర్జికల్ మాస్కు గుడ్డ మంచిదే, లోపమంతా చెంపల పక్కన ఉండే సందుల్లో ఉంది. చెవి తాళ్లను మాస్కు అంచు దగ్గర ముడివేసి, పక్కన మిగిలిన మడతని లోపలికి దోపితే ఆ సందు చాలావరకు మూసుకుంటుంది. ఎన్-95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ-2 అయితే సన్నని రేణువుల్లో 94, 95 శాతం ఆపుతుంది, ముఖానికి అతుక్కుని ఉంటేనే. మన దేశంలో కొనేటప్పుడు ఐఎస్ 9473 అన్న నంబరు, ఐఎస్ఐ గుర్తు చూడండి. తాళ్లు చెవులకు కాకుండా తల వెనక నుంచి వచ్చేవి బాగా బిగుస్తాయి. ముందు ప్లాస్టిక్ వాల్వు ఉన్నవి వద్దు, మీరు వదిలిన గాలి వడపోత లేకుండా బయటికి వస్తుంది. 2020 జులైలోనే కేంద్ర ఆరోగ్య శాఖ వీటిని వాడొద్దని హెచ్చరించింది.

పెట్టుకున్నాక రెండు చేతులూ మాస్కు అంచుల చుట్టూ పెట్టి గట్టిగా ఊదండి. కళ్ల మీదికి గాలి వస్తే ముక్కు మీది తీగ నొక్కాలి, కళ్లద్దాలు మసకబారడం కూడా దానికే గుర్తు. చెంపల పక్క నుంచి వస్తే సైజు సరిపోలేదు. గడ్డం ఉంటే ఏ ఎన్-95 అయినా అతకదు. సెమిస్టర్ వరకు గడ్డం తీసేస్తే మంచిది.

ఎన్-95ని సబ్బుతో ఉతకకూడదు, శానిటైజర్ చల్లకూడదు. రేణువుల్ని లాగి పట్టుకునే విద్యుదావేశం పోతుంది, చూడటానికి మాత్రం కొత్తగానే ఉంటుంది. ఐదు మాస్కులు కొని ఐదు కాగితపు కవర్ల మీద సోమ, మంగళ అని రాసి పెట్టుకోండి. ఒక్కోదాన్ని వారానికి ఒకరోజే వాడితే మధ్యలో ఆరిపోతుంది. తాడు సాగినా, చెమటతో మెత్తబడినా, నలిగినా పారేయాలి. వేసవిలో మధ్యాహ్నానికే తడిసిపోతుంది కాబట్టి సంచిలో ఇంకోటి ఉంచుకోండి.

క్లాసు, బస్సు, క్యూలకు ఎన్-95, ఆరుబయట సర్జికల్, ఇలా సర్దుకుంటే ఖర్చూ కలిసొస్తుంది. ఫేస్ షీల్డ్ ఒక్కటీ పెట్టుకుంటే ఉపయోగం లేదు.

టెస్టు: ఎప్పుడు ఏది

బయల్దేరే ముందు తీసుకున్న నెగెటివ్ రిపోర్టు ఆ రోజు సంగతే చెబుతుంది. రైల్లో అంటుకున్నది మర్నాడు టెస్టులో కనబడదు, శరీరంలో పెరగడానికి రోజులు పడుతుంది. కోవిడ్ మొదటి రకాలకు సగటున ఐదు రోజులు పట్టేది, ఒమిక్రాన్‌కి మూడు రోజుల చిల్లర. లక్షణాలు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. అందుకే ఒక్క టెస్టుతో సెమిస్టర్ మొదలుపెడితే కథ అడ్డం తిరుగుతుంది. నోట్రడామ్ యూనివర్సిటీ 2020 ఆగస్టులో అందరికీ ముందే టెస్టు చేసి తీసుకుంది. అయినా క్యాంపస్ బయట పార్టీల తర్వాత కేసులు పెరిగి రెండు వారాలు ఆన్‌లైన్‌కి వెళ్లింది. ఇలినాయ్ యూనివర్సిటీ వారానికి రెండుసార్లు లాలాజలం టెస్టు చేసింది. పాజిటివ్ అని తెలిసినవాళ్లు కూడా పార్టీలకు వెళ్లడంతో అక్కడా కొన్నాళ్లు కేసులు ఎగిశాయి. ఆ కట్టడి పెంచాకే తగ్గాయి.

చేరిన రోజు ఒక ర్యాపిడ్ యాంటిజెన్, ఐదో రోజు ఒక ఆర్టీపీసీఆర్, ఈ ఐదు రోజులూ గదిలో ఉన్నప్పుడు కూడా రూమ్‌మేట్ల మధ్య కిటికీలు తెరిచి, భోజనం వేరువేరు వేళల్లో చేయడం. ఒక్కరు భరించగలిగే ఖర్చులో ఇంతకు మించిన పద్ధతి లేదు. కాలేజీ చేయిస్తానంటే, కేసులు తక్కువగా ఉన్నప్పుడు ఐదుగురి నమూనాలు కలిపి ఒకే ఆర్టీపీసీఆర్‌గా చేసే పూల్ టెస్టింగ్ ఉంది, ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్‌లోనే దీనికి సలహా ఇచ్చింది. ఒకే గదివాళ్లను ఒక పూల్‌లో పెడితే పాజిటివ్ వచ్చినప్పుడు ఎవరిని వేరుచేయాలో వెంటనే తెలుస్తుంది. వంద మందిలో ఐదుగురికి మించి పాజిటివ్ వస్తుంటే పూల్ దండగ, మళ్లీ అందరికీ విడిగా చేయాల్సి వస్తుంది.

యాంటిజెన్ పావుగంటలో తేలుతుంది, వైరస్ ఎక్కువగా ఉన్నవాళ్లను పట్టుకుంటుంది, కొద్దిగా ఉన్నవాళ్లను వదిలేస్తుంది. పాజిటివ్ వస్తే నమ్మండి. లక్షణాలుండి నెగెటివ్ వస్తే నమ్మొద్దు, ఆర్టీపీసీఆర్ చేయించండి. ఇంట్లో చేసుకునే కిట్లతో మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు నిల్వ. చాలా కిట్లను 30 డిగ్రీల లోపు ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో, బైకు డిక్కీలో ఉంచినది ఫలితం తప్పుగా చూపొచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసినదైతే గది వేడికి వచ్చేదాకా ఆగాలి. పుల్లను ముక్కు అంచున తాకించి తీసేయడం, చెప్పిన నిమిషాలు దాటాక చూసి మసక గీతకు భయపడటం మిగతా తప్పులు. కిట్టు సరిగ్గా పనిచేసిందని చూపే ‘సి’ (కంట్రోల్) గీత రాకపోతే ఆ టెస్టు చెల్లదు.

కోలుకున్నాక ఆర్టీపీసీఆర్ మళ్లీ చేయించకండి. చచ్చిన వైరస్ ముక్కలకు కూడా వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. నెగెటివ్ వస్తేనే హాస్టల్లోకి రానిస్తామనే వార్డెన్‌కి ఈ మాటే చెప్పాలి. మన దేశంలో 2022 జనవరి నియమాల ప్రకారం స్వల్ప లక్షణాలవాళ్లకు పాజిటివ్ వచ్చి ఏడు రోజులై, వరసగా మూడు రోజులు జ్వరం లేకపోతే ఐసోలేషన్ ముగిసినట్టే.

టీకా చివరి డోసు సెమిస్టర్‌కి కనీసం రెండు వారాల ముందు పడేలా చూసుకోండి. జబ్బు ముదరకుండా కాపాడేది అదే. అంటుకోవడాన్ని పూర్తిగా ఆపుతుందనుకోకండి, ధార్వాడ్ చెప్పింది అదే కదా.

కాలేజీ చూపించేవాటిలో దేన్ని నమ్మాలి

గేటు దగ్గర థర్మల్ గన్ జ్వరమున్నవాళ్లనే పడుతుంది. లక్షణాలు రానివాళ్లు, పొద్దున్నే పారాసిటమాల్ వేసుకున్నవాళ్లు హాయిగా లోపలికి వెళ్లిపోతారు. మనుషుల మీద మందు చల్లే టన్నెళ్లు హానికరం, వాటిని వాడొద్దని 2020 ఏప్రిల్‌లోనే ఆరోగ్య శాఖ చెప్పింది. బెంచీలకు రోజూ ఫ్యూమిగేషన్ చేయడం కన్నా ఆ డబ్బుతో తుప్పుపట్టి తెరుచుకోని కిటికీలు బాగుచేయించడం ఎన్నో రెట్లు మేలు. మరుగుదొడ్లకు ఒక శాతం హైపోక్లోరైట్, చేతులకు సబ్బు, నల్లాలో నీళ్లు ఉంటే చాలు.

జ్వరం వచ్చిన రోజు

వర్షాకాలంలో జ్వరం వస్తే కోవిడో డెంగ్యూనో మొదటిరోజు చూపుతో తేలదు. రెండు టెస్టులూ చేయించండి: కోవిడ్‌కి ముక్కు స్వాబ్, డెంగ్యూకి రక్తంలో ఎన్ఎస్1, ప్లేట్‌లెట్లు. తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేసుకోవద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి డెంగ్యూలో రక్తస్రావానికి దారితీస్తాయి. పెద్దవాళ్లకు 650 మిల్లీగ్రాముల మాత్ర, రెండింటి మధ్య కనీసం ఆరు గంటలు.

హాస్టల్‌కి వెళ్లేటప్పుడే సంచిలో పెట్టుకోవాల్సినవి: డిజిటల్ థర్మామీటరు, పల్స్ ఆక్సిమీటరు, పారాసిటమాల్ ఒక స్ట్రిప్, లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఐదారు, సొంత కంచం, గ్లాసు, వేడినీళ్ల ఫ్లాస్కు. ఆక్సిమీటరు పెట్టే వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉండకూడదు, చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి, అంకె నిలిచేదాకా నిమిషం ఆగాలి. 94, ఆపైన ఉంటే ఫరవాలేదు. గదిలో ఆరు నిమిషాలు నడిచాక మూడు, అంతకు మించి పడిపోతే డాక్టరుకి చెప్పాలి. 93కి దిగినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొక్కినట్టున్నా, మాట తడబడినా, 100 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం మూడు రోజులైనా తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వార్డెన్ అనుమతి కోసం ఆగకండి.

విదేశాల్లో చేరేవాళ్లకు

బస సూత్రం అక్కడా అదే, తేడా వంటగదిలో ఉంటుంది. కోవిడ్ నియమాలున్నప్పుడు బ్రిటన్‌లో ఒకే వంటగది వాడే ఫ్లాట్‌మేట్లందరినీ ఒకే కుటుంబం కింద లెక్కవేశారు. 2020 సెప్టెంబరులో మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో రెండు హాళ్లలోని సుమారు 1,700 మంది విద్యార్థులను ఉన్నపళంగా పద్నాలుగు రోజులు ఐసోలేట్ అవమన్నారు. అద్దె కాస్త ఎక్కువైనా సొంత బాత్రూమ్, ముగ్గురికి మించని వంటగది ఉన్నది చూసుకోండి. చేరిన మొదటిరోజే రెండు వారాల సరుకు తెచ్చిపెట్టుకోవాలి: మనిషికి మూడు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అరలీటరు నూనె, ఉల్లి, టమాటా, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి. అమెరికాలో 2020 జులై 6న పూర్తి ఆన్‌లైన్ కోర్సు చదివే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు దేశంలో ఉండకూడదన్నారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాక జులై 14న వెనక్కి తీసుకున్నారు. అందుకే మహమ్మారి వేళ అమెరికా వెళ్లేవాళ్లు ఒక్క కోర్సయినా నేరుగా క్లాసులో జరిగేది ఎంచుకుని రిజిస్టర్ చేసుకోవడం క్షేమం. ఆన్‌లైన్‌కి మారే ముందు డీఎస్‌వోతో (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారితో) మెయిల్‌లో మాట్లాడి ఆ జవాబు దాచుకోండి.

ఫీజు కట్టే ముందు రాతపూర్వకంగా అడగాల్సినవి

ఐసోలేషన్‌లో ఉన్న రోజులు హాజరులో ఎలా లెక్కవేస్తారు? జేఎన్‌టీయూ హైదరాబాద్ లాంటిచోట్ల 75 శాతం ఉండాలి, కారణం చూపి మినహాయింపు కోరినా 65కి తగ్గకూడదు. తొంభై పనిదినాల సెమిస్టర్‌లో రెండుసార్లు గదికి పరిమితమైతే పద్నాలుగు, పదిహేను రోజులు పోతాయి, అంటే మీకున్న వెసులుబాటులో సగానికి పైగా కరిగిపోతుంది. ఆ రోజుల్లో ఆన్‌లైన్ హాజరు ఇస్తారా, ఇంటర్నల్ పరీక్ష తప్పితే మళ్లీ పెడతారా, ల్యాబు రికార్డు ఎలా పూర్తిచేయాలి అన్నవి హెచ్‌ఓడీ నుంచి మెయిల్‌లో తీసుకోండి.

హాస్టల్ ఫీజు ఏడాదికా, నెలకా? తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తెరిచిన కాలేజీలు మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి. రెండు నెలలు కూడా ఉండకుండానే పెట్టెలు సర్దుకోవాల్సి వచ్చింది. మధ్యలో మూస్తే మెస్సు డబ్బు, డిపాజిట్ ఎన్నిరోజుల్లో తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. నెలవారీ కట్టే వీలుంటే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి, మొదటిసారి ఒక సూట్‌కేసు, ఒక పరుపుచుట్టతోనే వెళ్లండి.